సూదికి లొంగని మనిషి

ఎడమ పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, గోడకేసి చూస్తున్న అంబదాసును పోయిన వారం బల్ల మీద వదిలాం. ఇంకా అలాగే ఉన్నాడు. కరీంనగర్‌లో గడియారం స్తంభం దాటాక వచ్చే సందులో, డాక్టర్ సీతారాంరావు నర్సింగ్‌హోం మేడ మీది గది అది. కుడిచేతి నరంలో సూది ఉంది. చెయ్యి కదలకుండా చెక్కకు కట్టేశారు.

ఈ బల్లదాకా రావడానికి అతనికి ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పట్టాయి. దొడ్డికి పోతే రక్తం పడుతోంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. పొద్దంతా సాంచ ముందు నిలబడేవాడికి మొలలు రాక ఏమొస్తాయన్నారు అందరూ. ఊరి ఆరెంపీ డాక్టరు మొలలకు మందిచ్చాడు. వేములవాడలో ఒకడు పసరు పోశాడు. రక్తం ఆగలేదు. మనిషి మాత్రం పడుగు కర్రలా ఎండిపోయాడు. చివరికి కోడలు బాలలక్ష్మి పట్టుబట్టి తీసుకొచ్చింది. పెద్దపేగులోకి గొట్టం పంపి చూడగలిగింది ఆ చుట్టుపక్కల ఈ డాక్టరు ఒక్కడే.

ఆయన ముందే విడమరిచి చెప్పాడు.

“అంబదాస్, దీనికి మూడు తొవ్వలున్నయి. ఏ మందూ లేకుంట చెయ్యొచ్చు, పండ్లు కొరుక్కొని ఓర్సుకునేటోళ్లున్నరు. రెండోది, నరంల చిన్న సూది. సగం నిద్ర, సగం తెలివి. తిరుగుమంటే తిరుగుతవు, నొస్తే నొస్తుందంటవు. నువ్వు చెప్తేనే గొట్టం యాడ గుచ్చుకుంటుందో నాకు తెలుస్తది. మాపటి బస్సుకు ఇంటికి పోతవు. మూడోది పూర్తి మత్తు. దానికి మత్తు డాక్టర్ రావాలె, ఆక్సిజన్ పెట్టాలె. నీకేం తెల్వది. కాని పేగు చినిగినా నువ్వు చెప్పలేవు. ఊపిరి ఆగితే ఆయన చూసుకోవాలె.”

“రెండోదే చెయ్యుండ్రి సాబ్. నాకు తెలివి తప్పుడు వద్దు,” అన్నాడు అంబదాసు, ఆలోచించకుండానే.

తెలివి తప్పడమంటే అతనికి అసహ్యం. భార్య కనకవ్వ పోయిన పదోదినం నాడు, దీపం ముందు, కులపోళ్లందరూ చూస్తుండగా ఒట్టు పెట్టాడు. ఇక కల్లు ముట్టనన్నాడు. అప్పటిదాకా రోజూ పొద్దుగూకగానే కల్లు దుకాణంలో కూచున్నవాడు అది మొదలు అటు చూడలేదు. అంతటితో ఆగలేదు. తాగేవాడి చేతి చాయ్ తాగడు. తాగేవాడి పక్క సాంచ నడపడు. కొడుకు హనుమండ్లు కల్లు డిపో గేటులోంచి వస్తుండగా చూశామని ఎవరో చెబితే, నాలుగు బాటల మధ్య వాణ్ని చెప్పుతో కొట్టి, చెంబెడు నీళ్లు నేల మీద గుమ్మరించి, నీకూ నాకూ నీళ్లొదిలానన్నాడు. కొడుకు మహారాష్ట్రలో భివండి మగ్గాలకు పోయాడన్నారు. కోడలు అంబదాసు సొంత అక్క కూతురు కాబట్టి ఇంట్లోనే ఉండి బీడీలు చుడుతోంది. చెడ్డవాడు మంచివాడైతే పక్కనున్నవాళ్లు బతకడం ఎంత కష్టమో ఆ వాడకట్టుకు తెలిసొచ్చింది.

“కల్లు అలవాటుందా?” అని అడిగాడు డాక్టరు ఆ రోజే.

“ఉండె. మానేసిన. దీపం ముందర ఒట్టు.”

డాక్టరు సరేనన్నాడు. బాలలక్ష్మి కొంగు సర్దుకుని కిటికీలోంచి చూసింది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

ఇక బల్ల దగ్గరికి వద్దాం.

మొదటి మందు నరంలోకి పోయింది. నర్సు తారాబాయి అతని తలగడ సర్దింది. ఆమెది ఆదిలాబాద్ వైపు. మాటలో మరాఠీ యాస, చేతిలో మగవాడి బలం.

“కాకా, కండ్లు మూయి. గిప్పుడే నిద్ర ఉరికొస్తది.”

అంబదాసు కళ్లు మూశాడు. తెరిచాడు.

“వస్తలేదమ్మా.”

“వస్తది బాబా. బస్సు లేటయినట్టు లేటయితది, అంతే.”

డాక్టరు కాసేపు చూశాడు. ఇంకొంచెం ఎక్కించాడు.

“నాలుక మందమయిందా?”

“లేదు సాబ్. జర ఎండింది.”

“ఏం కనవడుతుంది?”

“గోడ. సున్నం పెచ్చు ఊడింది. జిల్లా పటం లెక్క ఉంది.”

“మా ఆదిలాబాదేనా కాకా?” అంది తారాబాయి. “అడివి కనవడుతుందా?”

“అడివి లేదు. చెదలున్నయి.”

ఆమె నవ్వింది. డాక్టరు నవ్వలేదు. ఇంత మందు పడ్డాక మాట ముద్దగా రావాలి, రెప్పలు వాలాలి. ఈ మనిషి గోడకున్న చెదల సంగతి చెబుతున్నాడు. ఒక్కో ఒంటికి ఆలస్యంగా పడుతుందనుకుని గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

మొదట చల్లగా తగిలింది. తర్వాత చల్లదనం పోయి ఒత్తిడి మిగిలింది. గాలి కొడుతుంటే కడుపు డోలులా బిగిసింది. గొట్టం తిరిగిన ప్రతి మలుపులోనూ పేగు దానితో పాటు సాగింది. అంబదాసుకు తెలిసిన పోలిక ఒక్కటే. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ ఉరుకుతూ ఇరుక్కుపోయిన నాడె. సాంచ ఆపకుండా దాన్ని గుంజితే పోగులన్నీ తెగుతాయి. ఇక్కడ సాంచ తనే, ఆపే మీట ఇంకొకరి చేతిలో ఉంది.

“సాబ్, నొస్తుంది.”

“ఎక్కువనా?”

“ఎక్కువనే.”

“గట్టిగ ఊపిరి తీసి వదులు. తారాబాయీ, కడుపు మీద ఒత్తు. ఇంకోటి ఎక్కిస్త, ఇగ ఇదే ఆఖరు. దీని మీద ఇయ్యరాదు.”

ఆ ఆఖరుదీ పోయింది. అంబదాసు తల కొంచెం తేలినట్టయింది, అంతే. కళ్లు మూతపడలేదు. లేచి పోదామంటే గొట్టం లోపలుంది. చెయ్యి చెక్కకుంది. తారాబాయి మోచెయ్యి కడుపు మీదుంది. మూసిన తలుపు అవతల కోడలుంది. అరిస్తే ఆమె వింటుంది. అందుకని అరవకుండా తలగడ కొరికాడు.

గొట్టం పెద్ద మలుపు దగ్గర ఆగింది. డాక్టరు ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టం చివరి అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయాడు. అప్పటిదాకా ఊపిరి తియ్యి, ఊపిరి వదులు అంటున్నవాడు నోరు మూశాడు. ఆ మౌనం అంబదాసుకు నొప్పికన్నా ఎక్కువ అర్థమైంది.

“ఏమున్నది సాబ్?”

గొట్టం ఇంకొంచెం ముందుకు జరిగింది. అప్పుడొచ్చిన నొప్పికి అతని కాలు అతని మాట వినలేదు. తన్నాడు. పళ్లెం ఎగిరి నేల మీద పడింది. తారాబాయి రెండు చేతులతో అతని నడుము పట్టి బల్లకు అదిమింది. డాక్టరు పళ్లు బిగించి, నెమ్మదిగా, అంగుళం అంగుళం గొట్టం వెనక్కి తీశాడు.

చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ముక్కు గుడ్డ కిందికి లాగాడు.

“మలుపుకాడ ఒకటి కనవడ్డది. సగమే కనవడ్డది. దాని వెనుక ఎంతున్నదో తెల్వది. ముక్క తీసి పరీక్షకు పంపాలె. నువ్వు తన్నిన తన్నుకు పేగు చినుగుతుండె, గీ బల్ల మీదనే సస్తుంటివి.”

“నేను కావాలని తన్నలే సాబ్. సూది పని చెయ్యలే.”

“సూది పని చేస్తది. ఇందాకనే ఒక ముసలామెకు ఇచ్చిన. ఇందుల సగం ఇస్తెనే గురక పెట్టింది.” డాక్టరు స్టూలు లాక్కుని, బల్ల ఇవతల, అంబదాసు వీపు వైపు కూచున్నాడు. “అంబదాస్, ఒక మాట అడుగుత. నిజం చెప్పు. రోజూ ఎంత తాగుతున్నవు?”

“ఏంది?”

“కల్లు.”

బల్ల మీది మనిషి బిగిసిపోయాడు.

“నేను ఒట్టు పెట్టిన అని చెప్పిన.”

“నా దగ్గరికి వచ్చేటోళ్లందరు ఒట్లు పెట్టినోళ్లే. చెట్టు మీది కల్లు తాగితే నాకేం పరేషాన్ లేదు. ఇప్పుడు దుకాణాలల్ల పోసేది చెట్టు కల్లు కాదు, పొడి కల్లు. నా సూదిల ఏమున్నదో గా పొడిల గదే ఉన్నది. రోజూ అది పొయ్యేటి ఒంటికి నా సూది నీళ్లు. నీకు పోసినంత మందు తాగనోనికి పోస్తే రేపు పొద్దుగాలదాక లేవడు. నీ ఒళ్లు చెప్తుంది, నువ్వు తాగుతున్నవని.”

“నా ఒళ్లు అబద్ధం చెప్తుంది.”

“ఒంటికి అబద్ధం రాదయ్యా.”

“అయితే నీ సీసల నీళ్లున్నయి!” అంబదాసు గొంతు గదంతా నిండింది. గోడకేసే అరుస్తున్నాడు. తిరగాలంటే కట్టిన చెయ్యి తిరగనివ్వదు. “నా పెండ్లాం దీపం ముందర ఒట్టు పెట్టిన. ఆ ఒట్టు కోసం కన్నకొడుకును ఎల్లగొట్టిన. సిరిసిల్లకు పోయి అడుగు. చిన్నపోరన్ని అడిగినా చెప్తడు. నన్ను తాగుబోతంటవా? నా కోడలు బయటున్నది, పిలువు. ఆమె నోటితోటి చెప్పిస్త.”

“పిలువు తారాబాయీ.”

తారాబాయి అతని మీద దుప్పటి కప్పి తలుపు తెరిచింది. బాలలక్ష్మి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. లోపలి అరుపులు ఆమె అన్నీ విన్నది.

“చెప్పు బిడ్డా,” అన్నాడు అంబదాసు. “మీ అత్త పోయినకెల్లి నేను కల్లు ముట్టిన్నా?”

“ముట్టలేదు మామా.”

“విన్నవా సాబ్?”

“ముట్టలేదు,” అంది మళ్లీ. కొంగు మడతను వేళ్లతో నలుపుతోంది. డాక్టరు వైపు చూసింది. “సల్లల కలిపి ఇస్తున్న సార్. నేనే.”

కింద పడ్డ పళ్లేన్ని ఎత్తబోయిన తారాబాయి వంగినట్టే ఆగింది.

“ఏం కలిపి?” అన్నాడు డాక్టరు.

“పొడి. రోజూ మాపటికి జొన్న గట్కల సల్ల పోస్తగద, గందుల చిటికెడు. మామకు తెల్వది. రెండు దినాలసంది మీరు సల్ల బందు పెట్టమన్నరు. శక్కర్ నీళ్లల్ల కలిపిస్తే చేదున్నదని ఊంచిండు. బస్సుల శెమటలు పోసినయి. నాకు బుగులయింది. చెప్పాలంటే నోరు రాలే.”

“పొద్దుగాల చేతులు వణికితే ఉపాసం అనుకున్న నేను,” అన్నాడు డాక్టరు తనలో తను.

అంబదాసు గోడనే చూస్తున్నాడు. చెదలు గోడ మీద తమ దారిన తాము పోతున్నాయి.

“ఎందుకే?” అన్నాడు చివరికి. బిడ్డా అనలేదు.

“నీకు యాదికి లేదు మామా. పదోదినం ఒట్టు పెట్టినవు. మూడు పొద్దులు బాగనే ఉన్నవు. తర్వాత సాంచ మీద అత్తమ్మ కూసున్నది, దిగమంటే దిగుతలేదని పడుగు మొత్తం చింపినవు. నన్ను పట్టుకొని అత్తమ్మ పేరుతోటి పిలిచినవు. తెల్లారేటాలకు దూలానికి తాడేసినవు. నీ కొడుకే తెంపి దించిండు.”

“అది జరం.”

“జరమని మేమన్నం. నువ్వు నమ్మినవు.”

“నాకు జరమే వచ్చింది!”

“కల్లు ఒక్కపారి బందు పెడితే వచ్చే జరం అది,” అన్నాడు డాక్టరు. గొంతులో ఇందాకటి కోపం లేదు, అలసట ఉంది. “ఎందర్నో చూసిన. ఊర్లల్ల దయ్యం పట్టిందని కొట్టి సంపుతరు.”

“మల్ల నాడు సల్లల వేసిచ్చినం,” అంది బాలలక్ష్మి. ఎన్నాళ్లుగానో లోపల చుట్టుకున్న దారం కొస దొరికిన మనిషిలా మాట్లాడుతోంది. “మాపటికి లేచి కూసున్నవు. మీసం దువ్వుకున్నవు. ‘చూసిండ్రా, కల్లును ఎట్ల గెలిచిన్నో’ అన్నవు. ఆయన బయటికి పోయి ఏడ్చిండు. తక్కువ చేద్దామని శాన సార్లు చూసినం. తక్కువ చేసిననాడల్ల నీ చేతులు ఎగురుతుండె. ఇగ బందు పెట్టే ధైర్యం లేకపాయె.”

“నేను మంచిగ బతకాలని ఇంత మోసం చేస్తరా?”

“నువ్వు మంచిగ ఉండాలని కాదు మామా. మేం బతకాలని.”

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అతను పళ్లు కొరికి కాపాడుకున్నాననుకున్న ఒట్టు వారం తిరక్కముందే సల్ల గ్లాసులో కరిగిపోయింది. ఆ గ్లాసు ఎత్తి తాగింది తనే. నోరు తుడుచుకుని, ఊళ్లో తాగుబోతులందరినీ తిట్టడానికి బయల్దేరింది తనే.

డాక్టరు లేచి అటూ ఇటూ నడిచాడు. ఇంటి గొడవలకు ఆయన దగ్గర మందు లేదు. బల్ల మీది రోగికి మాత్రం ఉంది.

“ఇగ నా మాట విను. మందు లేకుంట చేసుడు ఎట్లుంటదో ఇప్పుడే చూసినం. చిన్న సూదికి నువ్వు లొంగవు. ఇగ మిగిలింది పూర్తి మత్తే. రేపు పొద్దుగాల మత్తు డాక్టర్‌ను పిలిపిస్త. నేనిచ్చిన మందుతోటి వణుకుడు లేకుంట రేపటిదాక గడుస్తది. కాని ఆయన వచ్చి మొదలు అడిగేది ఒక్కటే. ఇన్ని దినాలు నీ ఒంట్లకు పోయిందేంది? కల్లుల కలిపే పొడులు రెండు మూడు తీర్లుంటయి. ఒకటి నా సూది అసుంటిది. దానికి లెక్కుంది. ఇంకోటున్నది, దాని మీద పూర్తి మత్తు పడితే గుండె గడబిడయితది, ఊపిరి ఆగుతది. ఏదో తెల్వకుంట ఆయన నీ మీద చెయ్యెయ్యడు. నేను కూడ వెయ్యనియ్యను.”

బాలలక్ష్మి రొండిలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. అడుగున చిటికెడు తెల్లపొడి ఉంది. డాక్టరు వేలితో అద్ది నాలుకకు తాకించి ఉమ్మేశాడు.

“చేదు. అన్నీ చేదే. చేదును బట్టి పేరు చెప్పలేం. ఎవలిచ్చిండ్రు నీకిది?”

ఆమె తల వంచుకుంది.

“అమ్మా, దాస్తే పాయిదా లేదు. ఆయన లోపల గడ్డ పెరుగుతుంది. ఎవలు?”

“ఆయన,” అంది. “నీ కొడుకు, మామా.”

“భివండికెల్లి పంపుతుండా?”

“ఆయన భివండి పోలే.”

అంబదాసు తల తిప్పబోయాడు. మెడ తిరిగింది కాని, కట్టిన చెయ్యి భుజాన్ని వెనక్కి లాగింది. మళ్లీ గోడే కనిపించింది.

“ఆనాడు డిపోల ఎందుకున్నడనుకున్నవు? తాగనీకి కాదు, నీ పొడి కోసం పోయిండు. చెప్పుతోటి కొట్టినప్పుడు ఒక్క మాట చెప్తే అయిపోతుండె. అంటే నువ్వు సల్ల బందు పెడతవని కొట్టిచ్చుకున్నడు. పొడి బయటోళ్లకు అమ్మరు మామా. తొట్టిల కలిపేటోళ్లే చిటికెడు దాసుకోవాలె. అందుకే గా పనిల చేరిండు. మానేరు వాగు అవతలి డిపోల తొట్లు కలుపుతుండు. వారానికోపారి పొట్లం పంపుతుండు.”

తారాబాయి గోడకు ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఇప్పుడు యాడున్నడు?” అన్నాడు డాక్టరు.

“కింద గేటుకాడ. మాతోనే వచ్చిండు. మామకు కనవడొద్దని బస్సు టాపెక్కి సామాన్లల్ల కూసున్నడు. పైకి రమ్మంటే రాలే.”

“నేను పిలిపిస్త.”

“ఆగు సాబ్,” అన్నాడు అంబదాసు.

ఆగారు. కింద సందులో రిక్షా బెల్లు మోగింది. ఎవరో మోసంబీలు అమ్ముతున్నాడు. అంబదాసు ఊపిరి తీయడం, వదలడం అందరికీ వినబడుతోంది. కొడుకును పిలవకపోతే మత్తు లేదు. మత్తు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఆ మలుపు దగ్గర కూచున్నది తన పని తాను చేసుకుపోతుంది. పిలిస్తే, నాలుగు బాటల మధ్య తను చేసిందంతా తలకిందులై తన మీదే పడుతుంది. రెండింట్లో ఏది పెద్ద చావో తేల్చుకోలేకపోయాడు.

“నీళ్లొదిలినోన్ని ఏమని పిలుద్దు?” అన్నాడు.

“పేరు పెట్టి పిలువు కాకా,” అంది తారాబాయి. “పెట్టింది నువ్వే గద.”

అంబదాసు కొరికిన తలగడను పక్కకు నెట్టాడు.

“హనుమండ్లును రమ్మను.”

బాలలక్ష్మి పరుగున మెట్లు దిగింది. కాసేపటికి మనిషికన్నా ముందు వాసన వచ్చింది. పులిసిన కల్లు వాసన. బట్టల్లో, వెంట్రుకల్లో, గోళ్లల్లో దిగిపోయిన వాసన. ఇదే వాసన ఇంకొకడి దగ్గర వస్తే అంబదాసు లేచి పోయేవాడు.

“బాపూ,” అన్నాడు హనుమండ్లు గడప అవతలి నుంచే.

అంబదాసు కళ్లు మూసుకున్నాడు. ముఖం తిప్పమని ఎవరినీ అడగలేదు. వీపు మాత్రం ఒక్కసారి కదిలింది.

“లోపలికి రా,” అన్నాడు డాక్టరు. “మీ బాపుకు మత్తియ్యాలె. నువ్వు పంపిన పొడి పేరేంది?”

“పేరు తెల్వది సార్. డబ్బాలల్ల వస్తది. చీటీలు ముందుగాలనే గీకి పంపుతరు.”

“చూసేటందుకు ఎట్లుంటది?”

“రెండు తీర్లుంటయి. ఒకటి పటిక ముక్కల లెక్క మెరుస్తది, మూత తీస్తే ముక్కు మండుతది. ఇంకోటి మెత్తటి పిండి. సారా బందయినంక గిరాకి పెరిగింది, అప్పటికెల్లి రెండు కలుపుడే.”

డాక్టరు ముఖం ముడుచుకుంది. “బాపుకు పంపింది?”

“రెండు కలిపిందే సార్. వేరు చేసి తీయనియ్యరు.”

“ఎంతకెంత కలుపుతరు?”

“మేస్త్రి పోస్తడు, మేం కలుపుతం. ఒకనాడున్నట్టు ఇంకోనాడు ఉండదు.”

“గట్లయితే నువ్వు చెప్పింది నాకు చాలదు. డబ్బా మీద ఏం రాసి ఉండెనో, ఎంత బలమో తెలియాలె. చీటీలు గీకకముందు చూసినోడు ఎవడో ఒకడుంటడు. గా డబ్బాలు ఎవలు పంపుతరు?”

హనుమండ్లు నేల వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“నిన్నే అడుగుతున్న. నేను పోలీసోన్ని కాదు, డాక్టర్‌ను. నేనే పోయి ఆయన్ను అడుగుత. ఎవడైతేంది నాకు?”

“వద్దు సార్. చెప్పను.”

“ఎందుకు?”

“చెప్తే మీరు మా బాపుకు పరీక్ష చెయ్యరు. జిల్లా మొత్తంల గీ గొట్టం మీ ఒక్కల దగ్గరనే ఉన్నది. అందుకే నేను పైకి రాలే.”

డాక్టరుకు అర్థం కాలేదు. అంబదాసుకూ కాలేదు. కాని కొడుకు గొంతులోని భయం అతనికి తెలుసు. చెప్పు దెబ్బలు తింటూ కూడా ఏదో దాచుకుని నోరు మూసుకున్నవాడి గొంతు అది. ఆనాడు దాన్ని పొగరనుకున్నాడు.

“హనుమండ్లూ,” అన్నాడు గోడకేసే. నీళ్లొదిలాక కొడుకుతో అన్న మొదటి మాట. “చెప్పు.”

“బాపూ, చెప్తే...”

“చెయ్యకుంటే మానె. నా కోసం ఇగ ఏం దాయకు. చెప్పు.”

హనుమండ్లు గడప దాటి లోపలికి వచ్చాడు. తండ్రి కాళ్ల దగ్గర నిలబడి, డాక్టరు ముఖంలోకి చూశాడు.

“జగపతిరావు దొర గోదాంల నుంచి సార్. డిపో కూడ ఆయనదే. పైకి వేరేటోళ్ల పేరున్నది.”

తారాబాయి చేతిలోని దూది కిందపడింది.

జగపతిరావు ఎవరో ఆ గదిలో ఒకరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. సీతారాంరావును చదివించిన అన్న. ఈ మేడ కట్టించినవాడు. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి, జిల్లాలో ఎవరి దగ్గరా లేని గొట్టాన్ని పెట్టెలో పెట్టి కానుకగా ఇచ్చినవాడు. ఏ డబ్బుతో కొన్నాడో తమ్ముడు ఏనాడూ అడగలేదు.

డాక్టరు కడిగి ఆరబెట్టిన గొట్టం వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

“తారాబాయీ, ఈమెను తీస్కొని కిందికి పో. నేను పిలిచేదాక ఎవల్ని పైకి రానియ్యకు.”

“సార్, కాకా చెయ్యి విప్పనా?”

“వద్దు. పో.”

బాలలక్ష్మి కదల్లేదు. తారాబాయి ఆమె భుజం పట్టి బయటికి నడిపించింది. వాళ్ల అడుగులు మెట్లు దిగిపోయేదాకా డాక్టరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత తలుపు మూశాడు. లోపలి నుంచి గొళ్లెం పెట్టాడు.

వెనక్కి తిరిగి, ఇందాకటిదాకా నువ్వు అన్నవాడు, స్టూలు హనుమండ్లు వైపు జరిపాడు.

“కూసోండ్రి,” అన్నాడు మెల్లగా. “ఈ మాట మీరు ఇంకెవలకన్న చెప్పిండ్రా?”